వద్దన్నాం కదా

అందరికీ నమస్కారం. నన్ను పిలిచిన మిత్రులు ఫోనులో ఒక మాట అడిగారు. "అణు విద్యుత్తు మంచిదా, చెడ్డదా అని చెబుతారా? ఉద్యమాల గురించి చెబుతారా?" అని. మొదటి దాని మీద మాట్లాడటానికి నాకంటే చదువుకున్నవాళ్లు రెండు వైపులా బోలెడుమంది ఉన్నారు. నేను రెండోదానికే పరిమితమవుతాను. ఒక ఊరి పక్కన రియాక్టరు వస్తుందని తెలిసిన రోజు నుంచి ఆ ఊళ్లో ఏం జరుగుతుంది? మొదట నోరు విప్పేది ఎవరు? జైలుకు పోయేది ఎవరు, వాళ్లు పోయినప్పుడు పశువులకు మేత వేసేది ఎవరు? ఇలాంటి సంగతుల మీద ఇరవై ఏళ్లుగా కాగితాలు పోగు చేస్తున్నాను. మా ఇంట్లో వాళ్లు వాటిని వేరే పేరుతో పిలుస్తారు. (నవ్వులు)

ముందే చెప్పేస్తాను, నేను ఉద్యమాల పక్షం మనిషిని. అలాగని ఉద్యమాలు చెప్పిందల్లా వేదమని చెప్పడానికి రాలేదు. వాళ్ల తప్పులు కూడా చెబుతాను. గెలిచిన ఊళ్లు, ఓడిన ఊళ్లు రెండూ చెబుతాను. ఎక్కడ గెలిచారో చూస్తే నేర్చుకునేది కొంతే ఉంటుంది. ఓడినవాళ్ల దగ్గరే ఎక్కువ సరుకు దొరికింది నాకు.

ద్రాక్షతోటలతో మొదలుపెడదాం. జర్మనీకి నైరుతి మూలన, రైన్ నది ఒడ్డున వీల్ అనే చిన్న ఊరు ఉంది. చుట్టుపక్కలంతా ద్రాక్ష పండించే రైతులు. 1970ల మొదట్లో ఆ రాష్ట్ర ప్రభుత్వం అక్కడ అణు విద్యుత్ కేంద్రం కట్టాలని తలపెట్టింది. ఆ రైతులకు మొదట భయం వేసింది రేడియేషన్‌ను తలచుకుని అనుకుంటున్నారేమో, కాదు. కూలింగ్ టవర్ల నుంచి లేచే ఆవిరి మబ్బులా కమ్ముకుంటే ఎండ తగ్గుతుంది, గాలిలో తేమ పెరుగుతుంది, ద్రాక్ష ఆకులకు బూజు తెగులు పడుతుంది. వాళ్ల ఆందోళన అదీ. నాకు ఇది చాలా ఇష్టమైన వివరం. అణుభౌతికశాస్త్రం తెలియని రైతు తనకు బాగా తెలిసిన చోట నిలబడి ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్నకు అధికారుల దగ్గర జవాబు లేదు. అక్కడి నుంచి మెల్లమెల్లగా మిగతా ప్రశ్నలు పుట్టాయి.

ఆ రైతులకు అంతకుముందే చిన్న రిహార్సల్ జరిగింది. నదికి అవతల ఒడ్డున, ఫ్రాన్సు వైపు మార్కోల్‌షైమ్ అనే చోట ఒక జర్మన్ కంపెనీ సీసానికి సంబంధించిన రసాయన కర్మాగారం పెట్టబోయింది. 1974 సెప్టెంబరులో రెండు ఒడ్డుల వాళ్లూ కలిసి ఆ స్థలంలో గుడారాలు వేసుకుని కూర్చున్నారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో ఒకరి మీద ఒకరు తుపాకులు ఎక్కుపెట్టిన తరాల పిల్లలు వీళ్లు. ఇద్దరూ మాట్లాడేది ఒకే మాండలికం. సరిహద్దు అధికారులది, యాస వాళ్లది. ఆ చలికాలం గడిచేసరికి ఫ్రెంచి ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఆ రిహార్సల్ ఇచ్చిన ధైర్యంతోనే 1975 ఫిబ్రవరిలో వీల్ దగ్గరకు యంత్రాలు రాగానే మర్నాడే జనం వాటి ముందు నిలబడ్డారు. ముందు వరుసలో ఆడవాళ్లు. రెండు రోజుల తర్వాత పోలీసులు వచ్చి, నీటి ఫిరంగులతో అందరినీ ఖాళీ చేయించి, ముళ్ల కంచె వేశారు. ఫిబ్రవరి 23 ఆదివారం. దాదాపు 28,000 మంది వచ్చారు. కంచె దాటి ఆ స్థలాన్ని మళ్లీ పట్టుకున్నారు. ఈసారి తొమ్మిది నెలల దాకా కదల్లేదు.

ఆ తొమ్మిది నెలలూ ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. నినాదాలు ఎంతసేపని ఇస్తాం? చెక్కలతో ఒక పెద్ద గుండ్రటి ఇల్లు కట్టి దానికి స్నేహగృహం అని పేరు పెట్టుకున్నారు. అందులో బడి నడిపారు. పిల్లలకు కాదు, పెద్దలకు. ఒకరోజు రేడియేషన్ గురించి, ఒకరోజు ఆ అడవిలోని పక్షుల గురించి, ఇంకోరోజు ఆ ప్రాంతపు చరిత్ర గురించి. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన శాస్త్రవేత్త చెప్పేది, పొలం నుంచి వచ్చిన రైతు అడ్డు ప్రశ్నలు వేసేది. వాళ్ల నినాదం కూడా చదువుకున్న జర్మన్‌లో లేదు, ఇంటి యాసలో ఉంది. మన భాషలో చెప్పాలంటే "వద్దన్నాం కదా!" అన్నమాట. ఈ ప్రసంగానికి పేరు పెట్టమంటే అదే పెట్టాను. ఆ "కదా"లో ఉంది చూడండి విసుగంతా. ఒకసారి చెప్పాం, రెండోసారి చెప్పాం, ఇంకా ఎందుకు అడుగుతున్నారు అని. నిజానికి ఎవరూ సరిగ్గా అడగనే లేదు.

ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి ఫిల్బింగర్ ఆ రోజుల్లోనే ఒక హెచ్చరిక చేశాడు. వీల్ కేంద్రం లేకపోతే ఆ దశాబ్దం చివరికల్లా దీపాలు ఆరిపోవడం మొదలవుతుందని. దశాబ్దం ముగిసింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఈ మాట దాదాపు ప్రతి దేశంలో, ప్రతి కేంద్రం విషయంలో ఎవరో ఒకరు అంటారు. మీరు పాత పత్రికలు తిరగేస్తే దీపాలు ఆర్పేసినవాళ్ల జాబితా ఒకటి తయారుచేయొచ్చు. (నవ్వులు)

కోర్టు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కథ మనం అనుకున్నట్టు నడవలేదు. 1975 మార్చిలో కింది కోర్టు పనులు ఆపమంది. 1977లో అనుమతినే రద్దు చేసింది. కానీ 1982లో పై కోర్టు కేంద్రం కట్టుకోవచ్చని తీర్పు ఇచ్చింది. అంటే చట్టం దృష్టిలో ఉద్యమం ఓడిపోయింది. అయినా కేంద్రం రాలేదు. మరుసటి ఏడాది రాష్ట్ర ప్రభుత్వమే ఇప్పట్లో దాని అవసరం లేదని ప్రకటించింది. ఏడేళ్ల జాప్యంలో లెక్కలు మారిపోయాయి, ఓట్లు మారిపోయాయి. అప్పటికి ఆ ప్రాంతంలో ఏ నాయకుడికీ ఆ తేనెతుట్టెను కదిలించే ఓపిక లేదు. ఆ స్థలం ఇప్పుడు రక్షిత అడవి. కోర్టులో గెలిస్తేనే గెలుపు అనుకునే మిత్రులకు నేను ఈ కథే చెబుతాను. కోర్టు మీకు తీర్పు ఇవ్వకపోయినా కాలం ఇవ్వగలదు.

వీల్ కబురు సముద్రం దాటింది. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, సీబ్రూక్ అనే తీరప్రాంతపు ఊరు. అక్కడ రెండు రియాక్టర్లు కట్టబోతున్నారు. 1976లో క్లామ్‌షెల్ అలయన్స్ అనే సంఘం పుట్టింది. క్లామ్ అంటే ఆ తీరంలో దొరికే ఆల్చిప్ప. ఆల్చిప్పల సంఘం అనుకోండి. 1977 మే 1 నాటికి రెండు వేలకు పైగా జనం ఆ స్థలంలో చేరారు. 1,414 మందిని అరెస్టు చేశారు. చాలామంది జామీను ఇవ్వడానికి నిరాకరించారు. జైళ్లలో చోటు లేక సైనిక గిడ్డంగుల్లాంటి హాళ్లలో రెండు వారాల దాకా ఉంచారు. ప్రభుత్వం వీళ్లకు భోజనం పెట్టలేక అవస్థ పడుతుంటే, లోపల వీళ్లు శిక్షణ తరగతులు పెట్టుకున్నారు. వంద ఊళ్ల నుంచి వచ్చిన కార్యకర్తలను రెండు వారాలు ఒకే కప్పు కింద కూర్చోబెట్టడం ఏ సంఘానికీ సొంత డబ్బుతో అయ్యే పని కాదు. సర్కారు చేసి పెట్టింది.

వాళ్ల పద్ధతి గురించి రెండు మాటలు. పదిమంది, ఇరవైమంది ఒక చిన్న బృందం. బృందంలో అందరికీ అందరూ తెలుసు. ఎవరికి ఆస్తమా ఉందో, ఎవరి పిల్లలు ఇంట్లో ఒంటరిగా ఉన్నారో, ఎవరికి కోపం త్వరగా వస్తుందో తెలుసు. అహింసలో శిక్షణ తీసుకోకుండా ఎవరూ స్థలంలోకి అడుగుపెట్టకూడదు. పోలీసు లాఠీ ఎత్తితే ఎలా కూర్చోవాలి, ఎవరైనా రెచ్చగొడితే ఏం చేయాలి అన్నది ముందే నటించి చూసుకునేవారు. ప్రతి నిర్ణయం అందరూ ఒప్పుకుంటేనే. వినడానికి బాగుంది. కానీ ఏడాది తిరిగేసరికి దెబ్బ తిన్నారు.

1978లో రాష్ట్ర ప్రభుత్వం తెలివిగా ఒక ఎర వేసింది. ఆక్రమణ మానుకుంటే, అనుమతితో సభ పెట్టుకోవడానికి చోటిస్తామని. గడువు తక్కువ. అన్ని బృందాలనూ అడిగి ఒప్పించే వ్యవధి లేదు. ముందుండి నడిపేవాళ్లు సరే అనేశారు. సభకు వేలాదిమంది వచ్చారు, బ్రహ్మాండంగా జరిగింది. సంఘం మాత్రం నిలువునా చీలింది. మమ్మల్ని అడగకుండా ఎలా ఒప్పుకున్నారని ఒక వర్గం, కంచెలు కోయడం హింస కిందికి వస్తుందా రాదా అని ఇంకో గొడవ. గమనించారా? కంపెనీ మీద వాళ్ల ఫిర్యాదు ఏమిటి, మమ్మల్ని అడగలేదని. చివరికి సొంత సంఘం మీదా అదే ఫిర్యాదు. సీబ్రూక్‌లో ఒక రియాక్టరు 1990లో నడవడం మొదలైంది. రెండోదాన్ని మధ్యలో వదిలేశారు. కట్టిన కంపెనీ 1988లోనే దివాలా తీసింది. ఇది గెలుపా, ఓటమా? సగం రియాక్టర్లు ఆపారు కాబట్టి సగం మార్కులు వేయండి.

ఇప్పుడు ఫ్రాన్సుకు వెళ్దాం. అణు విద్యుత్తును నెత్తిన పెట్టుకున్న దేశం అది. అలాంటి దేశంలో, పశ్చిమ కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన బ్రిటనీ ప్రాంతంలో ప్లోగోఫ్ అనే ఊరు. అక్కడ మగవాళ్లలో చాలామంది నావికులు. నెలల తరబడి ఓడల మీద ఉంటారు. ఇళ్ల దగ్గర ఉండేది ఆడవాళ్లు, ముసలివాళ్లు. అందుకే ఆ ఉద్యమం ఆడవాళ్ల చేతుల్లో నడిచింది.

చట్టం ప్రకారం కేంద్రం కట్టే ముందు ప్రజల అభిప్రాయం తీసుకోవాలి. కాగితాల కట్టలు ఊరి పురపాలక కార్యాలయంలో ఉంచుతారు, జనం వచ్చి చదివి తమ మాట రాయాలి. 1980 జనవరి చివర ఆ కాగితాలు వచ్చాయి. ఊరి మేయరు, పక్క ఊళ్ల మేయర్లు కలిసి ఏం చేశారంటే, వాటిని బహిరంగంగా తగలబెట్టారు. అలాంటి విచారణలో పాల్గొంటే ముందే తీసుకున్న నిర్ణయానికి సంతకం చేసినట్టే అని వాళ్ల వాదన. అప్పుడు ప్రభుత్వం వ్యాన్లు పంపింది. వ్యానే కార్యాలయం. చుట్టూ సాయుధ పోలీసులు. ఆరు వారాలు, రోజూ పొద్దున రావడం, సాయంత్రం ఐదింటికి పోవడం. పగలంతా ఆడవాళ్లు ఆ కుర్ర పోలీసుల ముందు నిలబడి, మీ అమ్మకు తెలుసా నువ్వు ఇక్కడ ఏం చేస్తున్నావో అని వాయించేవారు. సాయంత్రం వ్యాన్లు పోయే వేళకు రాళ్లు, బాష్పవాయువు. అహింస అని నేను పూత పూయను, రాళ్లు పడ్డాయి. కేంద్రం రావాల్సిన చోట ఒక గొర్రెల దొడ్డి కట్టారు. గొర్రెలు ఉన్న చోటును పోలీసులు ఖాళీ చేయించడం కెమెరాల ముందు ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. 1981లో మిత్తరాఁ అధ్యక్షుడయ్యాడు, ప్లోగోఫ్ కేంద్రాన్ని రద్దు చేశాడు.

ఇదే ఫ్రాన్సులో ఇంకో పేజీ ఉంది. 1977 జులై 31, మాల్విల్. సూపర్‌ఫీనిక్స్ అనే బ్రీడర్ రియాక్టరుకు, అంటే కాల్చినదానికంటే ఎక్కువ ఇంధనం పుట్టించేలా కట్టే రియాక్టరుకు, వ్యతిరేకంగా పెద్ద ప్రదర్శన. వాన, బురద. వేలకొద్దీ జనం. ముందే రెండు వైపులా వాతావరణం కాగిపోయి ఉంది. పోలీసులు విసిరిన గ్రెనేడు తగిలి ఒక యువ ఉపాధ్యాయుడు చనిపోయాడు. ఇంకొందరి చేతులు, కాళ్లు పోయాయి. ఆ తర్వాత ఫ్రాన్సులో చాలామంది మామూలు మనుషులు, పిల్లలను ఎత్తుకుని ఊరేగింపుకు వచ్చే రకం మనుషులు, ఇంట్లో ఉండిపోయారు. తప్పు ఎవరిదన్నది వేరే చర్చ. ఒక ప్రదర్శన పెట్టేటప్పుడు తోపుడు బండి మీద ముసలి తల్లిని తీసుకొచ్చే మనిషి భయపడకుండా రాగలడా అన్నది నా మొదటి ప్రశ్న. రాలేడంటే ఆ కార్యక్రమం ఎంత విప్లవాత్మకంగా ఉన్నా నాకు పనికిరాదు. దీని మీద ఇక్కడున్న కొందరు మిత్రులు నాతో ఒప్పుకోరని తెలుసు. తర్వాత టీ దగ్గర తిట్టండి.

దారి గురించి ఒక కథ. న్యూయార్కు పక్కన లాంగ్ ఐలాండ్ అనే పొడవాటి దీవి, అందులో షోర్‌హామ్ అనే చోట అణు కేంద్రం కట్టారు. ఉద్యమకారులు మొదట రేడియేషన్ గురించి, ఖర్చు గురించి ఏవేవో అన్నారు. 1979 మార్చిలో అమెరికాలోనే త్రీమైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగాక, జూన్‌లో దాదాపు 15,000 మంది ప్రదర్శన చేశారు, ఆరు వందల మంది దాకా అరెస్టయ్యారు. అయినా కేంద్రం లేస్తూనే ఉంది. దాన్ని ఆపింది ఒక చిన్న ప్రశ్న. ప్రమాదం జరిగితే ఈ దీవి నుంచి బయటపడేది ఎలా? మామూలు రోజుల్లోనే కార్లు బారులు తీరే రోడ్లు అవి. తూర్పు కొసన ఉన్నవాళ్లు తప్పించుకోవాలంటే కేంద్రం వైపే రావాలి. త్రీమైల్ ఐలాండ్ తర్వాత, జనాన్ని తరలించే ప్రణాళిక లేకపోతే లైసెన్సు లేదన్న నిబంధన వచ్చింది. 1983లో ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రభుత్వం, మా జనాన్ని క్షేమంగా తరలించడం సాధ్యం కాదు, కాబట్టి మేం ఏ ప్రణాళికకూ సంతకం పెట్టం అని తేల్చేసింది. దాదాపు 600 కోట్ల డాలర్లు పోసి కట్టిన కేంద్రం వ్యాపారపరంగా ఒక్క రోజు కూడా నడవకుండా మూతపడింది. ఒక్క డాలరుకు చేతులు మారింది. ఆ నష్టాన్ని అక్కడి జనం కరెంటు బిల్లుల్లో ఏళ్ల తరబడి కట్టారు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే కథ మరీ తియ్యగా ఉంటుంది. కట్టేశాక ఆపితే ఖర్చు ఆపినవాళ్ల మీదే పడుతుంది. అందుకే కాంక్రీటు పోయకముందే మాట్లాడమంటాను.

కట్టేశాక ఆగిన ఇంకో కేంద్రం ఆస్ట్రియాలో ఉంది, జ్వెంటెండార్ఫ్. అంతా సిద్ధం. స్విచ్ వేయడమే తరువాయి. 1978 నవంబరు 5న దేశమంతా రెఫరెండం పెట్టారు. వద్దన్నవాళ్లు 50.47 శాతం. ముప్పై వేల ఓట్ల తేడా కూడా లేదు. ప్రధాని క్రైస్కీ, ఓడిపోతే దిగిపోతానన్నట్టు మాట్లాడాడు. దాంతో అణుశక్తి అంటే అభ్యంతరం లేని ప్రతిపక్ష ఓటర్లు కొందరు ఆయన్ను దింపడానికే వద్దని వేశారంటారు. ఓటు వేసిన చేతిని ఎవరు నడిపించారో బ్యాలెట్ పెట్టెకు తెలియదు కదా. ఆయన దిగలేదు, కేంద్రం నడవలేదు. ఆ కేంద్రం ఇప్పటికీ అలాగే ఉంది. ఇంజనీర్లకు శిక్షణ ఇవ్వడానికి పనికొచ్చింది. ఎందుకంటే రేడియేషన్ లేకుండా లోపలంతా తిరిగి చూడగలిగే రియాక్టరు ప్రపంచంలో ఎక్కడ దొరుకుతుంది!

అయితే దేశం మొత్తం ఓటు వేసే అవకాశం ఎవరికో కానీ రాదు. జపాన్‌లో మాకి అనే చిన్న పట్టణం వాళ్లు ఏం చేశారో వినండి. నీగాటా ప్రాంతం. అణు కేంద్రం మీద ఓటింగ్ పెట్టమని జనం అడిగితే మేయరు కుదరదన్నాడు. సరే, మేమే పెట్టుకుంటాం అన్నారు. 1995 మొదట్లో సొంత ఖర్చుతో, సొంత పెట్టెలతో, సొంత లెక్కింపుతో రెఫరెండం నడిపారు. పది వేలమందికి పైగా వచ్చి ఓటు వేశారు. చట్టం దృష్టిలో ఆ ఓట్లకు విలువ సున్నా. కానీ ఊళ్లో ఎవరి మనసులో ఏముందో అందరికీ తెలిసిపోయింది. అప్పటిదాకా పక్కింటివాళ్ల ముఖం చూసి నోరు మూసుకున్నవాళ్లు, పక్కింటివాళ్లూ తమలాగే ఉన్నారని తెలుసుకున్నారు. అంతే, ఊరు తిరగబడింది. ఆ మేయరు పోయాడు, ఓటింగ్ ఉద్యమం నడిపిన వ్యాపారే మేయరయ్యాడు. 1996 ఆగస్టు 4న చట్టబద్ధంగా ఓటింగ్ జరిగింది. 88 శాతం మంది వచ్చారు. 61 శాతం వద్దన్నారు. అక్కడితో ఆగలేదు. కేంద్రం రావాల్సిన స్థలం నడుమ పట్టణానికి చెందిన చిన్న ముక్క ఒకటి ఉంది. రేపు ఇంకో మేయరు వచ్చి దాన్ని కంపెనీకి అమ్మేస్తే? అందుకని 1999లో ఈ మేయరు దాన్ని 23 మంది ఊరివాళ్లకు అమ్మేశాడు. కోర్టుకు పోయారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అమ్మకం చెల్లింది. 2003 చివర కంపెనీ ప్రాజెక్టు వదిలేసుకుంది. పొలం గట్టు తగాదాలు చూసిన మనకు ఆ ఎత్తు విలువ బాగా అర్థమవుతుంది. (నవ్వులు, చప్పట్లు)

ఇక కూడంకుళం. దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను.

1988 నవంబరులో రాజీవ్ గాంధీ, సోవియట్ నేత గోర్బచేవ్ అక్కడి అణు కేంద్రం ఒప్పందం మీద సంతకాలు చేశారు. చోటు తమిళనాడు దక్షిణ కొసన, తిరునెల్వేలి జిల్లా తీరంలో. ఆ సోవియట్ దేశంలోనే చెర్నోబిల్ రియాక్టరు పేలి అప్పటికి రెండున్నరేళ్లే. 1989 మే 1న కన్యాకుమారిలో మత్స్యకారుల సంఘాలు పెద్ద ఊరేగింపు చేశాయి, అది పోలీసు కాల్పులతో ముగిసింది. తర్వాత సోవియట్ యూనియనే పోయింది. ప్రాజెక్టు పదేళ్లపాటు పడుకుంది. ఉద్యమమూ కొంత పడుకుంది. ఇది ప్రతి చోటా జరిగేదే. ప్రాజెక్టులకు ఓపిక ఎక్కువ. ఫైలు బల్ల మీద ఎన్నేళ్లయినా ఉండగలదు, మనిషి పందిట్లో ఉండలేడు.

2004 డిసెంబరు 26న ఆ తీరాన్ని సునామీ కొట్టింది. ఇళ్లు పోయినవాళ్లకు కట్టించిన కాలనీ కేంద్రానికి ఆనుకున్నట్టే ఉంటుంది. 2011 మార్చి 11న జపాన్‌లో ఫుకుషిమా అణు కేంద్రాన్ని సునామీ ముంచింది. టీవీలో ఆ నల్లటి నీళ్లు గోడ దాటి రావడం ఇడింతకరై గ్రామంలోని ఆడవాళ్లు చూశారు. వాళ్లకు ఆ నీళ్లు తెలుసు. ఎంత పెద్ద శాస్త్రవేత్త వచ్చి కూర్చుని, ఇక్కడ అంత అల రాదు అని లెక్కలు చూపించినా, ఆ దృశ్యాన్ని ఎలా చెరిపేస్తాడు? ఆ ఆగస్టు నుంచి లూర్దు మాత చర్చి ముందు పందిట్లో నిరాహార దీక్షలు మొదలయ్యాయి. ఉదయకుమార్ లాంటి చదువుకున్నవాళ్లు ముందు నిలబడి మాట్లాడారు. పందిరిని నిలబెట్టింది మాత్రం బీడీలు చుట్టే ఆడవాళ్లు, చేపలు పట్టే మగవాళ్లు.

వాళ్ల ప్రశ్నలు చూడండి, మళ్లీ ద్రాక్షరైతు లాంటివే. రియాక్టరులో పుట్టే వేడిలో కరెంటుగా మారేది మూడో వంతు, మిగతా రెండు వంతులు సముద్రపు నీళ్లే మోసుకుపోవాలి. ఆ వేడినీళ్లు వచ్చి కలిస్తే మా వలలో పడే చేప ఉంటుందా, దూరం పోతుందా? వాడిన ఇంధనం ఎక్కడ పెడతారు? స్థలం ఎంపిక మీద మీరు రాసుకున్న నివేదిక మాకు చూపించరెందుకు? ఈ చివరి ప్రశ్న సమాచార హక్కు చట్టం దాకా పోయింది. 2012 ఏప్రిల్‌లో కేంద్ర సమాచార కమిషన్ ఆ నివేదికలు ఇవ్వమని ఆదేశించింది. ఇవ్వాల్సిన సంస్థ హైకోర్టుకు వెళ్లింది. భద్రంగా ఉందని చెప్పడానికి ఇన్ని ప్రకటనలు ఇచ్చినవాళ్లు, భద్రంగా ఉందని రాసిన కాగితం చూపించకుండా ఉండటానికి కోర్టుకు ఎక్కారు.

ప్రభుత్వాల నడక కూడా చూడాలి. 2011 సెప్టెంబరులో తమిళనాడు మంత్రివర్గం, ప్రజల భయాలు తీరేదాకా పనులు ఆపాలని తీర్మానం చేసింది. 2012 మార్చి 18న శంకరన్‌కోవిల్ ఉప ఎన్నికకు పోలింగ్ జరిగింది. మార్చి 19న మంత్రివర్గం పనులు మొదలుపెట్టుకోండి అంది. ప్రజల భయాలు ఆ ఒక్క రాత్రిలో తీరిపోయాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ప్రధాని మన్మోహన్ సింగ్, ఈ ఆందోళన వెనక అమెరికాకు చెందిన స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయని ఒక పత్రికతో అన్నారు. చేపలు అమ్ముకున్న డబ్బులోంచి చందా తీసి పందిరి నడిపినవాళ్లు అది విని నవ్వాలో ఏడవాలో తెలియని స్థితి. విదేశీ రియాక్టరు తప్పు కాదు, విదేశీ సానుభూతి మాత్రం తప్పయింది.

2012 సెప్టెంబరు 10న తీరంలో గుమిగూడినవాళ్ల మీద లాఠీలు, బాష్పవాయువు. కొందరు సముద్రంలోకి పరుగెత్తారు. అదే రోజు మణప్పాడులో పోలీసు కాల్పుల్లో ఒక మత్స్యకారుడు చనిపోయాడు. మూడు రోజులకు వందలమంది నడుము లోతు నీళ్లలో చేతులు పట్టుకుని నిలబడ్డారు. అక్టోబరులో పడవలతో కేంద్రాన్ని సముద్రం వైపు నుంచి ముట్టడించారు. వేలాదిమంది మీద కేసులు పడ్డాయి. రాజద్రోహం కేసులు కూడా. బీడీలు చుట్టుకునే మనిషి రాజ్యం మీద యుద్ధం ప్రకటించిందని ఒక స్టేషన్లో ఎవరో కూర్చుని రాశారు.

2013 మే 6న సుప్రీంకోర్టు కేంద్రాన్ని నడుపుకోవచ్చంది. భద్రత విషయంలో పదిహేను ఆదేశాలు ఇచ్చింది, ఆందోళనకారుల మీద కేసులు ఎత్తివేసే ప్రయత్నం చేయమని కూడా చెప్పింది. ఆ జులైలో మొదటి రియాక్టరు పని మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడ ఇంకా రియాక్టర్లు లేస్తున్నాయి.

ఓడిపోయారు. మెత్తటి మాట వెతకను. ఎందుకు ఓడిపోయారంటే, నాకు తోచిన కారణాలు రెండున్నాయి. కేంద్రం దాదాపు పూర్తయిన తర్వాత ఉద్యమం ఉధృతమైంది. వేల కోట్లు పోసేసిన తర్వాత ఏ ప్రభుత్వమూ వినదు. రెండోది, కరెంటు కోతతో అల్లాడుతున్న మిగతా తమిళనాడుతో ఆ తీరం మాట్లాడలేకపోయింది. పన్నెండు గంటల కోతలో ఉన్న చిన్న కార్ఖానా యజమానికి ఇడింతకరై తన కరెంటు ఆపుతున్న ఊరిలా కనిపించింది. అలా కనిపించేటట్టు చేసినవాళ్లూ ఉన్నారు, అది వేరే మాట. అదే సమయంలో పశ్చిమ బెంగాల్‌లో హరిపూర్ చూడండి. అక్కడ 2006 నుంచి మత్స్యకారులు సర్వే చేయడానికి వచ్చినవాళ్లను కూడా ఊళ్లోకి రానివ్వలేదు. 2011లో ప్రభుత్వం మారింది, ప్రాజెక్టు పోయింది. సర్వే రాయి పడకముందే అడ్డుకోవడానికి, గోపురం లేచాక అడ్డుకోవడానికి ఉన్న తేడా అదీ.

తప్పులు చెబుతానన్నాను. నేను కుర్రతనంలో ఒక కరపత్రం రాశాను. రియాక్టరు పేలితే అణుబాంబు పేలినట్టే అని పెద్ద అక్షరాలతో. ఒక సభలో భౌతికశాస్త్రం చెప్పే పెద్దాయన లేచి, బాబూ, బాంబులో వాడే యురేనియం శుద్ధి వేరు, రియాక్టరులో వాడేది వేరు, అలా పేలదు, ప్రమాదం వేరే రకంగా వస్తుంది, అది తెలుసుకుని రాయి అన్నాడు. సభ నవ్వింది. ఆ రోజు మేం చెప్పిన మిగతా నిజాలన్నీ ఆ నవ్వులో కొట్టుకుపోయాయి. చల్లబరిచే నీళ్లు ఆగిపోతే, రియాక్టరును ఆపేసిన తర్వాత కూడా ఇంధనంలో మిగిలే వేడికే అది కరిగిపోతుంది. ఫుకుషిమాలో జరిగింది అదే. నిజం ఇంత భయంకరంగా ఉన్నప్పుడు అబద్ధం అరువు తెచ్చుకోవడం ఎందుకు? ఊళ్లో పుట్టిన ప్రతి జబ్బునూ కేంద్రానికి అంటగట్టే అలవాటు కూడా ఇలాంటిదే. ఒక్కటి తప్పని తేలితే చాలు, అవతలివాళ్లు పదేళ్లు దాన్నే చూపిస్తారు.

ఇంకొక ప్రశ్న మీ మనసులో ఉంది, ఆ ముందు వరుసలో అమ్మాయి ముఖంలోనే కనిపిస్తోంది. భూమి వేడెక్కుతోంది కదా, బొగ్గు కంటే ఇది నయం కదా అని. జర్మనీ 2023 ఏప్రిల్ 15న చివరి మూడు రియాక్టర్లూ ఆపేసింది. బొగ్గు కేంద్రాలు ఇంకా నడుస్తుండగానే ఆపింది. ఆ క్రమం సరైనదేనా అని ఉద్యమం లోపలివాళ్లే వాదించుకుంటున్నారు. నేనైతే బొగ్గును ముందు ఆపి ఉండాల్సిందంటాను. ఈ మాటకు నాకు పాత మిత్రులు ఇద్దరు దూరమయ్యారు. కానీ వాతావరణం పేరు చెప్పి, ఈసారి అడగాల్సిన పని లేదు, తొందరగా ఉంది అనేవాళ్లను చూస్తే నాకు ఫిల్బింగర్ దీపాలు గుర్తొస్తాయి. సౌర విద్యుత్తు కోసం భూములు తీసుకునేటప్పుడు కూడా అడగకుండా తీసుకుంటే అక్కడా ఇదే పందిరి లేస్తుంది.

టైము అయిపోయిందని చీటీ పంపారు. ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. జపాన్‌లో ఇవాయిషిమా అని ఒక దీవి ఉంది. కొన్ని వందల మంది మాత్రమే ఉంటారు, ఎక్కువమంది ముసలివాళ్లు. 1982లో ఎదురుగా సముద్రం అవతల కమినోసెకిలో అణు కేంద్రం కట్టాలనే ప్రతిపాదన వచ్చింది. అప్పటి నుంచి సోమవారం వచ్చిందంటే దీవిలో ఆడవాళ్లు తలకు గుడ్డ కట్టుకుని ఆ ఇరుకు సందుల్లో నినాదాలు ఇస్తూ నడిచేవారు. వెయ్యి సార్లకు పైగా నడిచారు. చూసేవాళ్లు ఎవరూ లేరు, పిల్లులు తప్ప. ఆ దీవి మత్స్యకారులు పరిహారం డబ్బు ముట్టుకోలేదు. రియాక్టరు ఇప్పటికీ రాలేదు. 2023లో అదే చోట వాడిన ఇంధనం నిల్వ చేసే కేంద్రం పెడతామని కొత్త ప్రతిపాదన తెచ్చారు. మొదట నడిచినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు.

ఇక ప్రశ్నలు. వెనక ఎవరో చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, మైకు అటు ఇవ్వండి. చెప్పండమ్మా.